లైప్‌జిగ్ గోజ బీరు, మూతపడిన దాని బ్రూవరీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

లైప్‌జిగ్‌లో ఉంటున్న నన్ను, ఇక్కడికి వచ్చే మనవాళ్ళు ముందుగా అడిగేది సంగీతకారుడు బాఖ్ పనిచేసిన చర్చి ఎక్కడుందని. ఆ తర్వాత చాలామంది అడిగేది, "ఇక్కడ ఉప్పు వేసిన పుల్లటి బీరు దొరుకుతుందంట, అదేంటి?" అని. ఆ బీరు పేరు గోజ. రెండుసార్లు చచ్చి బతికిన బీరు అది. దాని గురించి చెప్పడం మొదలుపెడితే నాకు ఆపబుద్ధి కాదు. అందుకే ఇన్నాళ్ళుగా వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను.

గోజ అంటే ఏ రకం బీరు?

గోధుమ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ) సగానికి పైగా, మిగతాది బార్లీ మాల్ట్ వేసి చేసే పుల్లటి బీరు. లేత పసుపు రంగు, కొంచెం మబ్బుగా ఉంటుంది. బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వులు చాలా తక్కువ కాబట్టి చేదు దాదాపు తెలియదు. ఆ పులుపు నిమ్మకాయ పులుపు కాదు, పెరుగు పులుపు. దానికి తోడు ధనియాలు, ఉప్పు. ఆల్కహాల్ నాలుగైదు శాతం దగ్గర ఉంటుంది.

మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకు దీన్ని వివరించడం తేలిక. పుల్లటి పల్చటి మజ్జిగలో ఉప్పు, కొత్తిమీర వేసుకుని తాగుతాం కదా. పులుపు, ఉప్పు, ధనియాల మొక్క, ఈ మూడూ మన నోటికి ఎప్పటినుంచో తెలిసిన జోడీ. బీరులో ఉప్పేంటని ముఖం చిట్లించే యూరప్ వాళ్ళ కంటే మనవాళ్ళే దీన్ని తొందరగా అర్థం చేసుకోవడం నేను చాలాసార్లు చూశాను.

పేరు ఎలా పలకాలి? బెల్జియం వాళ్ళ గ్యూజ్ కూడా ఇదేనా?

"గోజ" అనే పలకాలి. "గూస్" కాదు, "గోస్" కాదు. గ్యూజ్ వేరు. అది బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే లాంబిక్ బీరు, అంటే ఈస్ట్ కలపకుండా గాల్లోని సూక్ష్మజీవులతోనే పులిసే రకం. చెక్క పీపాల్లో ఏళ్ళపాటు ఉంచిన పాతదాన్ని, కొత్తదాన్ని కలిపి సీసాల్లో పోస్తారు. అందులో ఉప్పు, ధనియాలు ఉండవు. రెండూ పుల్లటివే, పేర్లు దగ్గరగా ఉంటాయి, అంతవరకే పోలిక.

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

గోస్లర్ అనే ఊరి నుంచి. హార్ట్స్ కొండల అంచున, రామెల్స్‌బెర్గ్ గనుల పక్కన ఉన్న పాత ఊరు అది. ఊరి గుండా గోజ అనే చిన్న ఏరు పారుతుంది. ఊరికీ బీరుకూ పేరు పెట్టింది ఆ ఏరే. అక్కడి నీళ్ళలోనే లవణాలు ఉండేవని, బీరులో ఉప్పదనం అలా మొదలైందని చెబుతారు.

లైప్‌జిగ్‌కు ఈ బీరు 1738లో వచ్చిందని ఇక్కడ అందరూ చెప్పుకునే కథ. అన్‌హాల్ట్-డెస్సౌ పాలకుడు మొదటి లియోపోల్డ్ దీన్ని ఇటు తెచ్చాడంటారు. ఎవరు తెచ్చినా, పుట్టిన ఊరి కంటే లైప్‌జిగే దీన్ని ఎక్కువగా సొంతం చేసుకుంది.

మూతపడిన బ్రూవరీ అంటే ఏది?

ఇక్కడే చాలామంది తికమకపడతారు. మూతపడినవి రెండు. మొదటిది డోల్‌నిట్స్ అనే పల్లెలోని జమీందారీ బ్రూవరీ, 1945లో మూతపడింది. రెండోది లైప్‌జిగ్ ఊళ్ళోనే ఫ్రీడ్రిష్ వుర్‌ట్స్‌లర్ పెట్టుకున్న చిన్న బ్రూవరీ, 1966లో మూతపడింది. మొదటి దాంట్లో నేర్చుకున్న పనితోనే రెండోది నడిచింది కాబట్టి, నా దృష్టిలో ఇవి రెండూ ఒకే కథ.

డోల్‌నిట్స్ బ్రూవరీ కథ ఏమిటి?

డోల్‌నిట్స్ లైప్‌జిగ్‌కూ హాలె నగరానికీ మధ్య, వైట్ ఎల్‌స్టర్ నది పక్కన ఉన్న పల్లె. అక్కడ ఒక పెద్ద ఎస్టేట్ ఉండేది, దాని యజమాని యోహాన్ గోట్‌లీబ్ గోడెకె. తన ఎస్టేట్‌లోనే గోజ చేయించాలని ఆయనకు పట్టుదల. 1824లో గోస్లర్ వైపు నుంచి ఫిలిప్ లెడర్‌మాన్ అనే బీరు మేస్త్రీని పిలిపించి పని అప్పగించాడు. ఆలోచిస్తే ఇది చాలా తెలివైన పని. వంటకం రాసిన కాగితం కోసం వెతకకుండా, వంట తెలిసిన మనిషినే తెచ్చుకున్నాడు.

అక్కడి నుంచి డోల్‌నిట్స్ గోజ లైప్‌జిగ్ అంతా పాకింది. 1900 ప్రాంతానికి ఊళ్ళో అన్నిటికంటే ఎక్కువగా తాగే బీరు ఇదే. గోజ అమ్మడానికి లైసెన్సు ఉన్న దుకాణాలే 80కి పైగా ఉండేవి. వాటిని గోజెన్‌షెంకె అనేవారు. మన పల్లెల్లో కల్లు దుకాణం ఎలాగో, ఇక్కడి పేటపేటకూ ఒక గోజ దుకాణం అలాగ.

ఈస్ట్ వేయకుండానే పులిసేదంటారు, నిజమేనా?

మొదట్లో నిజమే. "గోజ ఈస్ట్ వేయకుండా తనంతట తానే పులుస్తుంది" అనే అర్థంలో 1740 నాటి రాత ఒకటి ఉంది. గాల్లో, పీపాల చెక్కలో ఉన్న సూక్ష్మజీవులే ఆ పని చేసేవి. తెలుగువాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. తాటిచెట్టుకు కట్టిన లొట్టిలో పడ్డ నీరాకు ఎవరూ ఈస్ట్ కలపరు. తెల్లవారి తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. తూర్పు, పశ్చిమ గోదావరి వైపు కుండలో పెట్టే తరవాణి కూడా అంతే. గంజి, నీళ్ళు, కుండ, కాలం కలిస్తే చాలు.

1880ల నాటికి గోజ తయారీలో పద్ధతి మారింది. పైకి తేలే రకం ఈస్ట్‌నూ, లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియానూ కలిపి వాడడం మొదలైంది. పెరుగు తోడుకోవడానికి, దోసెపిండి పులవడానికి కారణమైన బ్యాక్టీరియా కుటుంబమే అది. చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా మారిస్తే, ఈ బ్యాక్టీరియా పులుపుగా మారుస్తుంది. ఆ రెండింటి మధ్య తూకం కుదరడమే అసలు పనితనం. ఎండాకాలం దోసెపిండి చెయ్యి దాటిపోతే ఏమవుతుందో తెలిసినవాళ్ళకు ఆ టెన్షన్ ఎలాంటిదో విడిగా చెప్పక్కర్లేదు.

పాత గోజ సీసాలకు మూత ఉండేది కాదట, మరి ఒలికిపోదా?

ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే. కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

బ్రూవరీ నుంచి బీరు పూర్తిగా పులవకముందే, ఇంకా పొంగుతుండగానే, పీపాల్లో దుకాణానికి వచ్చేది. దుకాణదారు పీపాను నేలమాళిగలో పెట్టేవాడు. కుళాయి బిగించే చిల్లు మూసి, పైన ఉన్న చిల్లు మాత్రం తెరిచి ఉంచేవాడు. పొంగే ఈస్ట్ నురగ అందులోంచి బయటికి పోయేది. పొంగు తగ్గి, ఇక దాదాపు అయిపోయింది అనిపించినప్పుడు సీసాల్లో నింపేవాడు.

ఆ సీసాల ఆకారం చూస్తే అసలు కిటుకు తెలుస్తుంది. కింద గుండ్రంగా, పైన సన్నటి పొడవాటి మెడ. బిరడా పెట్టేవారు కాదు, మూత బిగించేవారు కాదు. సీసాలో ఇంకా కాస్త పులియడం సాగుతూ ఉంటే ఈస్ట్ నెమ్మదిగా ఆ సన్నటి మెడలోకి ఎగబాకేది. అక్కడే గట్టిపడి బిరడాలా కూర్చునేది. ఆ తర్వాత లోపల పుట్టిన గ్యాస్ బయటికి పోదు, బయటి దుమ్ము లోపలికి రాదు. అంటే తన మూతను బీరే తయారు చేసుకునేది.

ఈ పద్ధతిలో బీరు ఎప్పుడు నింపాలన్నది దుకాణదారు చేతిలో ఉంటుంది. తొందరపడితే మెడలోంచి పొంగి పారుతుంది. ఆలస్యం చేస్తే మెడలో బిరడా కట్టదు, బీరు చప్పబడుతుంది. కాబట్టి ఒకే బ్రూవరీ సరుకు అయినా దుకాణానికి దుకాణానికీ రుచి తేడాగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. సగం పని బ్రూవరీ వాళ్ళది, సగం పని అమ్మేవాళ్ళది. గోజ కనుమరుగైనప్పుడు బ్రూవరీ పనితనం ఒక్కటే కాదు, నేలమాళిగల్లోని ఈ పనితనం కూడా పోయింది. దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

జర్మనీలో బీరుకు గట్టి చట్టం ఉంది కదా, ఉప్పు, ధనియాలు ఎలా వేస్తారు?

1516 నాటి బవేరియా శాసనంతో మొదలై, 1906లో జర్మనీ అంతటికీ వర్తింపజేసిన నియమాల ప్రకారం మామూలుగా బీరులో మాల్ట్, హాప్స్, నీళ్ళు, ఈస్ట్ తప్ప వేరేవి వేయకూడదు. గోజను ప్రాంతీయ ప్రత్యేకతగా గుర్తించి మినహాయింపు ఇచ్చారు.

అంత పేరున్న బ్రూవరీ 1945లో ఎందుకు మూతపడింది?

నిజానికి అప్పటికే గోజ బాగా తగ్గిపోయింది. చల్లగా, తేటగా, ఎప్పుడు తాగినా ఒకే రుచిగా ఉండే లాగర్ బీర్లు మార్కెట్ అంతా నిండాయి. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి గోజ చేస్తున్న బ్రూవరీ డోల్‌నిట్స్ ఒక్కటే మిగిలింది. యుద్ధం ముగిశాక ఆ ప్రాంతం సోవియట్ సైన్యం అధీనంలోకి వచ్చింది. పెద్ద భూస్వాముల ఎస్టేట్లన్నీ స్వాధీనం చేసుకుని భూములు పంచారు. డోల్‌నిట్స్ ఎస్టేట్ కూడా అందులో పోయింది, దానితో బ్రూవరీ మూతపడింది.

భూమి దున్నేవాడికి దక్కడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఎస్టేట్‌ను పంచినట్టు పనితనాన్ని పంచలేరు. పొలం ముక్కలైనా పండుతుంది. బ్రూవరీ ఆగితే దానితో పాటు అందులో బతికే ఈస్ట్, బ్యాక్టీరియా, మేస్త్రీల చేతి అలవాటు అన్నీ ఆగిపోతాయి.

మరి వుర్‌ట్స్‌లర్ ఎవరు?

ఫ్రీడ్రిష్ వుర్‌ట్స్‌లర్ డోల్‌నిట్స్ బ్రూవరీలో పనిచేసిన మనిషి. గోజ ఎలా చేయాలో ఆయనకు తెలుసు. 1949లో, అంటే తూర్పు జర్మనీ దేశంగా ఏర్పడిన సంవత్సరంలోనే, లైప్‌జిగ్ దక్షిణం వైపు ఆర్తుర్ హోఫ్‌మాన్ వీధిలో 94వ నంబరులో చిన్న బ్రూవరీ తెరిచాడు. నాలుగేళ్ళపాటు ఎక్కడా లేని గోజ మళ్ళీ ఊళ్ళోకి వచ్చింది.

ఆ కాలం ఎలాంటిదో ఒక్కసారి ఊహించుకోండి. ఊళ్ళో చాలా భాగం బాంబుల దెబ్బ తిని ఉంది. తిండిగింజలకే కటకట. ప్రభుత్వానికి ప్రైవేటు వ్యాపారమంటే పడదు. అలాంటప్పుడు ఒక మనిషి, జనం మరిచిపోతున్న, చేయడం కష్టమైన, లాభం పెద్దగా లేని బీరును మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన గురించి మిగిలిన వివరాలు చాలా తక్కువ. ఈ ఊళ్ళో ఆయనకు దక్కాల్సినంత పేరు దక్కలేదన్నది నా గట్టి అభిప్రాయం.

1966లో ఎందుకు ఆగిపోయింది?

మనిషి పోయాడు కాబట్టి. వుర్‌ట్స్‌లర్ 1950ల చివర్లో చనిపోయాడు. పోయేముందు తయారీ రహస్యాన్ని తన సవతి కొడుకు గీడో ఫ్నిస్టర్‌కు చెప్పాడు. ఫ్నిస్టర్ కొన్నేళ్ళు నడిపాడు. 1960లు వచ్చేసరికి గోజ అమ్మే దుకాణాలు లైప్‌జిగ్‌లో ఒకటో రెండో మిగిలాయి. 1966లో ఫ్నిస్టర్ కూడా చనిపోయాడు. పని నేర్చుకున్న మూడో మనిషి లేడు. తలుపులు మూశారు.

కొందరు దీన్ని కమ్యూనిస్టు ప్రభుత్వం మూసేసిన బ్రూవరీగా చెబుతుంటారు. అది సరికాదు. తూర్పు జర్మనీలో మిగిలిన ప్రైవేటు ఫ్యాక్టరీలను ప్రభుత్వం పెద్దఎత్తున తీసుకున్నది 1972లో. ఈ బ్రూవరీ అంతకు ఆరేళ్ళ ముందే, వారసుడు లేక ఆగింది. తాతల నాటి చేతివృత్తులు ఆగిపోయిన ఇళ్ళు చూసినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. మగ్గం ఉంటుంది, నేసే చెయ్యి ఉండదు.

తర్వాత ఎంతకాలం దొరకలేదు?

ఇరవై ఏళ్ళు. 1986 దాకా ప్రపంచంలో ఎక్కడా లైప్‌జిగ్ గోజ లేదు.

మళ్ళీ ఎవరు తెచ్చారు? వంటకం ఎలా దొరికింది?

లోటార్ గోల్డ్‌హాన్ అనే ఆయన. లైప్‌జిగ్‌లో గోలిస్ అనే పేట ఉంది. అక్కడ మెంకె వీధిలో 1899 నుంచి ఉన్న పాత గోజ దుకాణం పేరు "ఓనె బెడెంకెన్". అంటే "సందేహం అక్కర్లేదు" అని. ఇది తాగొచ్చా అని ఎవరైనా అడిగితే అక్కడి సర్వర్ "సందేహం అక్కర్లేదు" అనేవాడని, అదే పేరుగా నిలిచిందని చెబుతారు. 1980ల్లో గోల్డ్‌హాన్ ఆ పాత దుకాణాన్ని బాగుచేయించాడు. గోజ దుకాణం అంటూ తెరిచి వేరే బీరు పోయడం ఆయనకు నచ్చలేదు.

అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఎవరూ రుచి చూడని బీరు అది. ఆయన ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఒకప్పుడు గోజ తాగినవాళ్ళను కూర్చోబెట్టి, ఎంత పులుపుగా ఉండేది, ఉప్పు తెలిసేదా, రంగు ఎలా ఉండేది అని అడిగి తెలుసుకున్నాడు. అలా వాళ్ళ నాలుకల మీద మిగిలిన జ్ఞాపకం ఆధారంగా బీరు ఎలా ఉండాలో తేల్చుకున్నాడు.

తర్వాత చేసిపెట్టేవాళ్ళు కావాలి. లైప్‌జిగ్ బ్రూవరీలు ఏవీ ఒప్పుకోలేదు. చివరికి తూర్పు బెర్లిన్‌లో బెర్లినర్ వైసె చేసే షుల్ట్‌హైస్ బ్రూవరీ సరే అంది. బెర్లినర్ వైసె కూడా గోధుమతో చేసే పుల్లటి బీరే కాబట్టి, పులిపించడం వాళ్ళకు కొత్త కాదు. 1985లో నమూనాలు చేసి చూశారు, 1986లో దుకాణం తెరుచుకుంది. గోజ మళ్ళీ గ్లాసులోకి వచ్చింది.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందా?

లేదు. 1988లో బెర్లిన్ వాళ్ళు ఆపేశారు. గోల్డ్‌హాన్ మళ్ళీ మొదటికొచ్చాడు. రెండు జర్మనీలు కలిశాక, 1991లో డాలెన్ అనే ఊళ్ళో ఉన్న బ్రూవరీనే కొనేశాడు. ఏడాదికి 15,000 హెక్టోలీటర్లు, అంటే 15 లక్షల లీటర్లు చేయగల బ్రూవరీ అది. గోజ తాగేవాళ్ళు అంతమంది ఎక్కడున్నారు? నష్టాలు వచ్చి 1995లో మూసి అమ్మేశాడు. ఒక్క బీరు కోసం ఒక మనిషి ఇంత దూరం వెళ్ళాడంటే నాకు ఇప్పటికీ గౌరవంతో చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ తర్వాత బవేరియాలోని ఒక బ్రూవరీ ఓనె బెడెంకెన్ కోసం గోజ చేసి పంపింది. 1999లో తీలో యెనిషెన్ అనే ఆయన చొరవతో డోల్‌నిట్స్ పేరు మళ్ళీ సీసా మీదికి వచ్చింది. పాత గోడెకె వంశస్థుడు కూడా అందులో తోడున్నాడు. లైప్‌జిగ్‌లోని ఎర్న్‌స్ట్ బావర్ బ్రూవరీలో దాన్ని మొదట చేశారు. 2000లో తోమాస్ ష్నైడర్ అనే ఆయన, బాయరిషర్ బాన్‌హోఫ్ అనే పాత రైల్వేస్టేషన్ భవనంలో బ్రూవరీ తెరిచి అక్కడికక్కడే గోజ చేయడం మొదలుపెట్టాడు. 1840ల నాటి ఆ స్టేషన్ భవనాన్ని చూడడానికైనా వెళ్ళాలి.

ఇప్పటి గోజ, అప్పటి గోజ ఒకటేనా?

కాదనే నేను అనుకుంటున్నాను. తాగినవాళ్ళ జ్ఞాపకంతో, అనుభవం ఉన్న మేస్త్రీల చేతితో దగ్గరగా తేగలరు. కానీ డోల్‌నిట్స్ పీపాల్లో పెరిగిన ఆ సూక్ష్మజీవులు లేవు. బిరడా లేని సీసా నింపే దుకాణదారు లేడు. అమ్మమ్మ పచ్చడి వంటకం మన దగ్గర రాసి ఉన్నా అమ్మమ్మ చేతి రుచి రాదు. అయినా ఆ పచ్చడి చేసుకోవడం మానం కదా.

ఎలా తాగుతారు? ఏమైనా కలుపుతారా?

మామూలుగా తాగొచ్చు. పులుపు ఎక్కువనిపించినవాళ్ళు రాస్ప్‌బెర్రీ సిరప్ కలుపుకుంటారు. ఒక రకం ఆకుపచ్చ మూలిక సిరప్ కూడా ఇస్తారు. సోంపు, జీలకర్రలను గుర్తుచేసే షాజీర లిక్కర్ కలిపితే దాన్ని "గొడుగు" అంటారు. గ్లాసులు తగిలించేటప్పుడు ఇక్కడివాళ్ళు "గోజియానా!" అంటారు.

మొదటిసారి తాగేవాళ్ళు మాత్రం ఏమీ కలపకుండా సగం గ్లాసు తాగి చూడండి. నేను మొదటిసారి ఓనె బెడెంకెన్ తోటలో కూర్చున్నప్పుడు, నోట్లో పెట్టకముందే ధనియాల వాసన వచ్చింది. వేయించిన ధనియాలు కాదు, రోట్లో అప్పుడే దంచిన పచ్చి ధనియాల వాసన. తర్వాత పులుపు, చివర పెదవుల మీద సన్నగా ఉప్పు. ఆ గ్లాసు అయ్యేసరికి మా ఇంటి వంటగది గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు.

లైప్‌జిగ్ రాకుండా దొరుకుతుందా?

గత పదిహేనేళ్ళలో అమెరికా చిన్న బ్రూవరీలు గోజను బాగా పట్టుకున్నాయి. సౌత్ కరోలినాలో వెస్ట్‌బ్రూక్, కాలిఫోర్నియాలో ఆండర్సన్ వ్యాలీ వాటిలో బాగా పేరు తెచ్చుకున్నవి. అక్కడ పుచ్చకాయ, ద్రాక్షపండు లాంటివన్నీ వేస్తారు. కొన్ని బాగుంటాయి. ధనియాలు లేకుండా, ఉప్పు మాత్రం దట్టించి చేసినవాటిని గోజ అనడం నాకు నచ్చదు.

చూడడానికి వస్తే ఎక్కడెక్కడికి వెళ్ళాలి?

మెంకె వీధి, బాయరిషర్ బాన్‌హోఫ్, రెండూ ఊళ్ళోనే, ట్రామ్ దూరంలో. సమయం ఉంటే డోల్‌నిట్స్ వెళ్ళండి. ఇప్పుడది ష్కోపౌ అనే మున్సిపాలిటీలో భాగం, హాలె నుంచి దగ్గర. ఆర్తుర్ హోఫ్‌మాన్ వీధికి బీరు కోసం వెళితే ఏమీ దొరకదు. నేను మాత్రం ఇంటికి ఎవరైనా వస్తే వాళ్ళను మొదట అక్కడికి తీసుకెళ్తాను. ఆ వీధి వెంట నడుస్తూ వుర్‌ట్స్‌లర్, ఫ్నిస్టర్ల సంగతి చెప్పి, ఆ తర్వాతే ట్రామ్ ఎక్కించి గోలిస్ తీసుకెళ్ళి గ్లాసు చేతికిస్తాను.